పాలకేంద్రం అరలో పొయ్యి మోటారు

మా ప్రలుంగ్ పల్లెలో పన్నెండు ఇళ్లు. పన్నెండింటిలోనూ ఉన్నది ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఇల్లు వెచ్చబెట్టే పెల్లెట్ పొయ్యి. ఈ కార్నియా కొండల్లో ఇంకే పల్లెలోనైనా ఇలా ఉంటే వచ్చి నాకు చెప్పండి. ఇది నేను పట్టుబట్టి చేయించిన పని.

నా పేరు ఒటీలియా. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ ఐదు తరగతుల చదువునే ఇన్నేళ్లుగా సానబెట్టి వాడుకుంటున్నాను, ఇంతవరకూ మొద్దుబారలేదు. పాలకేంద్రంలో పాలు తూచే పని ఒక ఆడదాని చేతికి రావడం మా లోయలో నాతోనే మొదలు. భూకంపం వచ్చిన ఏడాది గుడారాల్లో ఉన్న ఊరందరికీ ఒకే రాగి కళాయిలో మొక్కజొన్న పిండి పొలెంటా కలియబెట్టింది నేనే. చలికాలంలో కూడా బస్సు మా మలుపు దాకా రావాలని మున్సిపాలిటీ మెట్ల మీద కూర్చుని సాధించిందీ నేనే. ఎవరైనా కాదంటే బస్సు డ్రైవర్ని అడగండి, నన్ను చూస్తే ఇప్పటికీ బ్రేకు మీద కాలు వేస్తాడు.

అయితే వీటన్నిటికంటే నాకు గర్వంగా ఉండేది పొయ్యిల సంగతే.

మేమంతా కట్టెలు కాల్చి పెరిగినవాళ్లం. వేసవిలో దుంగలు మోసి, చీల్చి, ఇంటి గోడకు పేర్చి, శీతాకాలమంతా వాటిని తిరిగి లోపలికి మోసేవాళ్లం. మా ఆయన టీటా పోయాక గొడ్డలి పట్టుకుంటే నా మణికట్టు మాట వినడం మానేసింది. ఊళ్లో ఎవరిని చూసినా అదే కథ, ఒకరికి నడుము, ఇంకొకరికి భుజం. అప్పుడే ఈ పెల్లెట్లు వచ్చాయి. రంపపుపొట్టును నొక్కి చేసిన చిన్న గుళికలు. సంచి విప్పి పొయ్యి నెత్తిన పోస్తే చాలు, అది తనంతట తనే తింటూ రాజేసుకుంటుంది. లోపల ఒక మరకడ్డీ తిరుగుతూ గుళికల్ని పైకి తోస్తుంది. అవి ఇనప గిన్నెలో పడతాయి. ఒక కడ్డీ ఎర్రగా కాలి నిప్పంటిస్తుంది, ఒక ఫ్యాను పొగను బయటికి లాగుతుంది. బాగుంది కదా? కానీ కట్టెల పొయ్యిలో చెడిపోవడానికి ఏముంది? దీంట్లో చెడిపోనిది ఏముంది?

ఆ మాటే మూతపడిన పాలకేంద్రంలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. "పన్నెండు ఇళ్లవాళ్లు పన్నెండు రకాలు కొన్నారనుకోండి, మంచు పడి దారి మూసుకుపోయిన రోజున ఒకరి సామాను ఇంకొకరికి పనికిరాదు. అందరం ఒకటే కొందాం. స్పేరు సామాన్లు ఒక్కచోట పెట్టుకుందాం."

నా తోడికోడలు వేలియా వెంటనే లేచింది. "అక్కా, నాకు ఎర్ర పెంకులది కావాలి. ఆ బూడిదరంగు డబ్బాను చూస్తే ఆసుపత్రి గుర్తొస్తుంది."

"పైన నీ ఇష్టమొచ్చిన రంగు వేయించుకోవే. లోపల పేగులు మాత్రం అందరికీ ఒకటే ఉండాలి," అన్నాను.

"పేగుల మాట మా ఆయనకు చెప్పు. ఆయనకు బజారులో ఏది చౌకైతే అదే ఇష్టం," అంది వేలియా. పక్కనే కూర్చున్న ఎర్మెస్, అంటే నా మరిది, ఎర్రబడ్డ చెవుల మీదికి టోపీ లాక్కున్నాడు. చివరికి అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకునేదాకా నేను తలుపు తీయలేదనుకోండి, అది వేరే సంగతి.

స్పేరు సామాన్లు పాలకేంద్రంలోనే పెట్టాం. చీజ్ చక్రాలు ఆరబెట్టే దేవదారు అరలు ఇంకా గట్టిగా ఉన్నాయి, చెమ్మ తగలదు, గాలి ఆడుతుంది. నిప్పంటించే కడ్డీలు తొందరగా పోతాయి కాబట్టి అవి ఎక్కువ ఉంచాం. పొయ్యి తలుపు చుట్టూ పొగ రాకుండా బిగించే తెల్లటి తాడును మడత పెడితే విరుగుతుందని కొక్కేనికి వేలాడదీశాం. దాన్ని అతికించే ముద్ద ట్యూబులోనే ఎండిపోతుంది, అందుకని ఏటా చలి మొదలయ్యే ముందు కొత్తది తెప్పిస్తాం. పొగ లాగే ఫ్యాను ఒకటి, తలుపు గాజు ఒకటి. మరకడ్డీని తిప్పే మోటారు అరుదుగా పోతుంది కాబట్టి అదీ ఒకటే.

వాడకానికి మా పాలకేంద్రం పద్ధతే పెట్టాను. ఆవులున్న రోజుల్లో ఏ ఒక్క ఇంటి పాలూ చీజ్ కట్టడానికి చాలేవి కావు. ఇవాళ అందరి పాలూ కలిపి ఒక ఇంటికి, రేపు ఇంకో ఇంటికి. తీసుకున్నవాడు తన వంతు తిరిగి పోస్తూ ఉండాలి. ఎవరు ఎన్ని పోశారో ఊరందరికీ తెలుసు, ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. పొయ్యి సామానుకూ అంతే. అవసరమైనవాళ్లు తీసుకోవాలి, మంచు కరిగేలోగా అలాంటిదే కొత్తది తెచ్చి అక్కడ పెట్టాలి. ఆ పద్ధతి ఇన్ని చలికాలాలు నడిచింది. కంపెనీవాళ్లు ఆ మోడల్ చేయడం మానేసినా సామాన్లు ఇంకా అమ్ముతున్నారు, మా అర నిండుగానే ఉంది. పక్క లోయవాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు. తలుపు తెరిచి చూపించింది నేనే.

ఇక మొన్నటి శీతాకాలం సంగతికి వస్తాను.

మా ఊళ్లో చాలా ఏళ్లుగా పుట్టుక లేదు. చావులే. అలాంటిది రంపపు మిల్లులో పనిచేసే లోరిస్, వాడి భార్య మిర్నా మా పాత పంతులమ్మ ఇల్లు కొనుక్కుని వచ్చారు. పొయ్యి కూడా ఆ ఇంట్లో ఉన్నదే, మన మోడలే. మిర్నాకు నెలలు నిండకముందే కింద పట్నంలో, తోల్మెట్జో ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పిల్ల బొత్తిగా చిన్నది. కొన్నాళ్లు అక్కడే ఉంచుకుని, శనివారం తీసుకెళ్లమన్నారు.

మిర్నా తల్లి ఇర్మాగారిది తోల్మెట్జోలోనే వేడినీటి రేడియేటర్లున్న వెచ్చటి ఫ్లాటు. ఆవిడకు మా కొండ అంటే గిట్టదు. ఆసుపత్రికి చూడబోయినప్పుడు నా ముందే కూతురితో అంది. "ఆ మంచులో, ఆ డబ్బా పొయ్యిని నమ్ముకుని పసిదాన్ని తీసుకెళతావా? నా దగ్గరికి వచ్చెయ్."

మిర్నా నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ మెల్లగా చెప్పింది. "పెద్దమ్మా, మేం వెళ్లేసరికి ఇల్లు వెచ్చగా ఉంటే నాకు భయంలేదు. చల్లగా ఉంటే మాత్రం అమ్మ మమ్మల్ని అట్నుంచటే వెనక్కి తీసుకుపోతుంది. ఒకసారి ఆ ఫ్లాటులో దిగితే మళ్లీ పైకి రానివ్వదు. లోరిస్ కూడా అక్కడే పని వెతుక్కోవాల్సి వస్తుంది."

"నువ్వు పిల్లని తీసుకుని రా. ఇల్లు వెచ్చగా ఉంచే పూచీ నాది," అన్నాను.

శనివారం పొద్దున వాళ్ల తాళంచెవి తీసుకుని వెళ్లాను. ఇల్లు ఐసుపెట్టెలా ఉంది. పెల్లెట్లు పోశాను, మీట నొక్కాను. ఫ్యాను హుమ్మని మొదలైంది. కడ్డీ ఎర్రబడింది. గిన్నెలో గుళిక పడాలి కదా, పడలేదు. కాసేపు చూశాను. లోపల మరకడ్డీ తిరిగే చప్పుడే లేదు. పొయ్యి తనంతట తనే కూనిరాగం ఆపేసి ఎర్రదీపం వెలిగించింది. పక్క రేకు విప్పి చూస్తే మోటారు నుంచి మాడిన వాసన వస్తోంది.

నేను కంగారు పడలేదు. ఇలాంటి రోజు కోసమే కదా ఆ అర. పాలకేంద్రానికి వెళ్లి మోటారు పెట్టె చంకన పెట్టుకుని వచ్చాను. దారిలో ఎర్మెస్ కనిపిస్తే దీపం పట్టుకోవడానికి రమ్మన్నాను. "వదినా, ఏంటా పెట్టె?" అని అడిగాడు. "మోటారు," అన్నాను. ఆ తర్వాత దారంతా వాడు నాకు నాలుగడుగులు వెనకే నడిచాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

పాతది విప్పి, పెట్టెలోంచి కొత్తది తీశాను. కొత్తది కాదు. తీగ నల్లబడి ఉంది. పళ్లచక్రం మీద గ్రీజు గట్టిగా తారులా అయిపోయింది. అయినా బిగించి చూశాను. తిరగలేదు.

దీపం వెలుగు మోటారు మీంచి గోడ మీదికి జారింది. నేను తల ఎత్తాను.

"ఎర్మెస్."

"వదినా, చెబుతా విను. పోయిన చలికాలం మా మోటారు పోయింది..."

"పోతే?"

"కొత్తది తీసుకున్నా. పాతదాన్ని పారెయ్యలేకపోయా. తీగ మళ్లీ చుట్టిస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది వదినా! దుమ్ము పడకుండా ఉంటుందని ఆ పెట్టెలో పెట్టా. వేసవిలో చుట్టించి..."

"వేసవి వచ్చింది, వెళ్లింది. కొత్తదైనా కొన్నావా?"

"అదే, చుట్టిస్తే కొననక్కర్లేదు కదా అని..."

"నీ పెళ్లినాటి బూట్లు కూడా అటకమీదే ఉన్నాయి కదరా! వాటినీ తెచ్చి ఈ పెట్టెలో పెట్టకపోయావా?"

నిజం చెప్పాలంటే ఈ రోగం ఒక్క ఎర్మెస్‌ది కాదు. మా కొండల్లో విరిగిన కొడవలి పిడి పారేసేవాళ్లు లేరు. చిల్లిపడ్డ బకెట్టు కోళ్లకు, తెగిన బెల్టు గేటుకు. ఏదో ఒకరోజు పనికొస్తుందని దాచిపెట్టడం మా రక్తంలోనే ఉంది. కాని దాచిన చెత్తను కొత్త సామాను పెట్టెలో దాచి, పెట్టెకు అంతే నీటుగా టేపు అంటించడం మాత్రం నా మరిది సొంత తెలివి.

అప్పుడే లోరిస్ ఫోను. "పెద్దమ్మా, ఆసుపత్రి నుంచి బయల్దేరాం. పిల్ల నిద్రపోతోంది. అత్తయ్య కూడా వస్తున్నారు, ఇల్లు తనే స్వయంగా చూస్తారట. మంచు మొదలైంది, మెల్లగా వస్తున్నాం. ఇల్లు వెచ్చబడిందా?"

"నువ్వు రోడ్డు చూసి నడుపు," అని పెట్టేశాను. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు.

కిటికీలోంచి చూస్తే మంచు పెద్ద పెద్ద తునకలుగా రాలుతోంది. సామాన్ల కొట్టు శనివారం తెరవరు. కరెంటు హీటరు పెడదామా అంటే మా మీటర్లు అంత భారం మోయలేవు, హీటరుతో పాటు కాఫీకి నీళ్లు పెట్టినా ఇల్లంతా చీకటైపోతుంది. పిల్లను మా ఇంటికి తీసుకెళ్లొచ్చు. కానీ ఇర్మాగారు ఆ ఒక్క ముక్క పట్టుకుంటారు, మీ ఇంట్లో నిప్పే లేదు, పక్కింటివాళ్ల దయ మీద బతుకుతారా అని.

"నా పొయ్యిలోంచి మోటారు తీస్తాను," అని లేచాను.

"మీది పొద్దున్నుంచీ మండుతోంది కదా వదినా," అన్నాడు ఎర్మెస్.

అవును. మండుతున్న పొయ్యిని ఆపితే అది మిగిలిన గుళికలన్నీ కాల్చుకుని, బూడిద ఊదుకుని, చల్లారేదాకా రేకు మీద చెయ్యి వేయడానికి లేదు. దానికే గంట పైన పడుతుంది. ఆపైన విప్పాలి, తేవాలి, బిగించాలి. ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా అదే పరిస్థితి. మంచు పడే శనివారం పొద్దున పొయ్యి వెలిగించకుండా ఉండే మనిషి ఎవడుంటాడు?

ఎర్మెస్ దీపం కింద పెట్టాడు. "వదినా, మాది చల్లగానే ఉంది."

"ఏంటి?"

"మధ్యాహ్నం దాకా వెలిగించం. పెల్లెట్లు మిగులుతాయని."

వాడు చెప్పడం పూర్తి కాకముందే నేను కోటు వేసుకున్నాను.

వాళ్లింట్లో వేలియా కోటు, టోపీ, చేతి తొడుగులతో బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతోంది. మేమిద్దరం స్క్రూడ్రైవర్లతో లోపలికి దూసుకొచ్చి ఆమె ఎర్ర పొయ్యి పక్క రేకు విప్పడం మొదలుపెట్టాం.

"ఏమైందక్కా, దొంగతనానికి వచ్చారా?"

"మోటారు కావాలి. పసిపిల్ల వస్తోంది," అన్నాను.

"తీసుకోండి. ఇన్నేళ్లుగా టోపీ పెట్టుకుని కాఫీ తాగుతున్నా, ఇవాళ్టికి ఎవరికైనా పనికొచ్చింది," అంది. తర్వాత మొగుడి వంక చూసి, "నువ్వు పొదుపు చేసింది నాకు ఎన్నడూ వెచ్చగా అనిపించలేదు. ఇవాళ మాత్రం లోపల కాస్త వెచ్చగా ఉంది," అని కప్పు ఎత్తి మిగిలిన కాఫీ తాగేసింది.

స్క్రూలు నేను విప్పాను. ఎర్మెస్ మోటారును కోటు లోపల పెట్టుకుని, మంచులో నాకంటే ముందు పరుగెత్తాడు. ఆ వయసులో వాడు పరుగెత్తడం నేను చూసింది అదే. పాతదున్న చోట అచ్చం సరిపోయింది. సరిపోకుండా ఎలా ఉంటుంది? లోపల పేగులు ఒకటే ఉండాలని ఇన్నేళ్ల క్రితం తలుపు మూసి కూర్చుని ఒప్పించింది ఇందుకే.

మీట నొక్కాను. ఫ్యాను, కడ్డీ, ఆ తర్వాత కిందనుంచి గరగరమని చప్పుడు. మరకడ్డీ తిరుగుతోంది. గుళికలు పైదాకా ఎక్కడానికి కాసేపు పడుతుంది, ఆ కాసేపూ ఇద్దరం మోకాళ్ల మీద గాజు ముందు కూర్చున్నాం. ఎర్మెస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, చర్చిలోలాగా.

"పడుతుందా వదినా?"

"నోరుమూసుకుని చూడు."

ఒక గుళిక ఇనప గిన్నెలో టక్కుమని పడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వానలా. పొగ లేచింది, మెలికలు తిరిగింది, ఒక్కసారిగా పసుపుపచ్చ మంట పుట్టింది. నేను అక్కడే నేలమీద కూలబడ్డాను. ఎర్మెస్ ముక్కు చీదుకుంటూ, "ఇంట్లో కాస్త దుమ్ముందే," అన్నాడు.

వెంటనే లోపలి తలుపులన్నీ తెరిచి వేడి పక్క గదిలోకి వెళ్లేలా చేశాం. వేలియా తన దుప్పటి ఒకటి తెచ్చి పొయ్యి ముందు వేడిచేసి ఉయ్యాలలో పరిచింది. కారు మలుపు తిరిగే చప్పుడు వచ్చేసరికి గాజు ముందు నిలబడితే మొహం చుర్రుమంటోంది.

మొదట లోపలికి వచ్చింది ఇర్మాగారే. కోటు బొత్తాలు విప్పలేదు. పొయ్యి వంక చూసింది. గోడమీద అరచెయ్యి పెట్టింది. ఉయ్యాల ఉన్న మూలకు వెళ్లి నేలకు చెయ్యి ఆనించి చూసింది, కింద గాలి కొడుతోందేమోనని. మేం ముగ్గురం గోడకు ఆనుకుని, పరీక్షలో కూర్చున్న పిల్లల్లా నిలబడ్డాం. గుమ్మంలో మిర్నా పిల్లను గుండెలకు అదుముకుని తల్లి వీపునే చూస్తోంది.

ఇర్మాగారు లేచి నిలబడి, కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, కోటును కుర్చీ మీద పడేసింది. "ఈ ఇంట్లో కాఫీ కాచే గిన్నె ఎక్కడుంటుంది?" అని అడిగింది.

మిర్నా ఏడ్చేసింది. లోరిస్ నవ్వుతూ బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. పిల్ల మాత్రం అవేవీ పట్టించుకోకుండా నిద్రపోయింది. పొయ్యి కూనిరాగానికి ఇంకా హాయిగా పడుకుందని నేనంటాను. ఇర్మాగారు ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం ఎర్మెస్, వేలియా దుప్పట్లు, పేకముక్కలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఇక వాళ్లింట్లో మోటారు లేదు కదా. బంగాళాదుంపలూ చీజూ వేసి ఫ్రికో చేశాను. ఎర్మెస్ పేకలో ఓడిపోతూనే ఉన్నాడు, ఎంత ఓడినా ఎవరూ జాలిపడలేదు. వేలియా కోటు తీసి పొయ్యి పక్క కుర్చీ లాక్కుంది. పొద్దున్నే లేచి వెచ్చటి వంటింట్లోకి రావడం ఎలా ఉంటుందో ఇన్నాళ్లకు తెలిసిందట.

"మోటారు ఎప్పుడొస్తుందట?" అని అడిగింది మొగుణ్ణి.

"గురువారం. కొట్టువాడి ఇంటికే ఫోను చేసి రెండు చెప్పా."

"మొదట వచ్చింది అరలో పెట్టండి. అది పద్ధతి. మాదానికి తొందరేమీ లేదు, ఏమంటావక్కా?"

"పద్ధతి పద్ధతే," అన్నాను.

పాలకేంద్రంలో ఎర్మెస్ చేత కొత్త అర కొట్టించాను, చీజ్ నానబెట్టే ఉప్పునీళ్ల తొట్టి ఉండే ఎదురు గోడకు. చచ్చిన సామానంతా ఇకమీద అక్కడ. పారెయ్యమని చెప్పలేదు. చెప్పినా వినరు, నేనూ పారెయ్యను. కొత్త సామాను పెట్టెలు మాత్రం మూత తెరిచే ఉంచాలి, లోపల ఏముందో గుమ్మంలోంచే కనబడాలి. ఈ మార్పుకు ఎర్మెస్సే అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

సోమవారం మంచు తగ్గింది. దారి తీశారు, బస్సు వచ్చింది. ఇర్మాగారు చిన్న పెట్టె పట్టుకుని మలుపు దగ్గర నిలబడ్డారు. ఒక్కరే. మిర్నా కిటికీలోంచి పిల్ల చెయ్యి పట్టుకుని ఊపిస్తోంది. డ్రైవరు నన్ను చూసి అలవాటుగా బ్రేకు వేశాడు.

ఆవిడ మెట్టెక్కి వెనక్కి తిరిగింది. "ఒటీలియాగారూ, ఆ పొయ్యి గాజు మసిబారింది. పిల్లకు మంట కనబడటం లేదు. తుడవండి."

"రేపొచ్చి తుడుస్తాను," అన్నాను. బస్సు కదిలింది. నేను రేపటిదాకా ఆగలేదు. అటునుంచటే వాళ్లింటికి వెళ్లి, బకెట్టూ గుడ్డా అడిగి తీసుకున్నాను.